పెద్ద కుర్చీ చేసిన మేలు

ముందుగా ఒక క్షమాపణ. నేను అక్షరాలు దిద్దింది అరవై రెండో ఏట. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం తగ్గినా సర్దుకుని చదువుకోండి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఆరు రోజులు పట్టింది. మా కూడలిలో పెద్ద కుర్చీ నిలబెట్టడానికి రెండేళ్లు పట్టింది. దాని ముందు నాది పరుగే!

ఆ కుర్చీ సంగతే రాస్తున్నాను. ఊరంతా దాన్ని ఆడిపోసుకుంటోంది. నేను మాత్రం ఒట్టేసి చెబుతున్నాను, ఈ నగరంలో మనుషులకు అంత మేలు చేసిన వస్తువు మరొకటి లేదు!

చూడనివాళ్ల కోసం చెబుతాను. ఆరంతస్తుల ఎత్తు. ఒళ్లంతా ఇనుము, ఎర్ర రంగు. నాలుగు కాళ్లు, వెనక ఆనుకోవడానికి ఇంత పెద్ద పలక. పేరు 'విశ్రాంతి'. అంతకుముందు అక్కడ మా బస్ స్టాప్ ఉండేది. రేకుల కప్పు, దాని కింద ఒక సిమెంటు బెంచీ. కుర్చీకి చోటు చాలదని రెండూ పీకేశారు. అంటే ఆరుగురు కూర్చునేదాన్ని తీసేసి, ఒక్కరూ కూర్చోలేనిది పెట్టారు. తెలివితక్కువతనం అంటారా? కాదు, దూరదృష్టి!

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు ఊరికే అన్నారా? ఆ బెంచీ మీద కూర్చుని మేం ఎన్ని కొండలు కరిగించామో! ఇప్పుడు నలభై నిమిషాలకో బస్సు, నలభై నిమిషాలూ నిలువుకాళ్ల మీదే. బట్టలకొట్టు గుమాస్తాగారి పిక్కలు చూడండి, రాతి స్తంభాల్లా తేలాయి. ఏ జిమ్‌లో తేలతాయి అలాంటివి?

ఈ మేలు అందరికంటే ఎక్కువగా అందింది మా వదినకి. మా ఆయన అక్కగారు. వయసు డెబ్బై నాలుగు. ఆయన పోయాక ఆవిడా నేనూ ఒకే గదిలో ఉంటున్నాం. గ్రంథాలయం మేడ మీద పెద్దవాళ్లకు నడిచే బడికి వారానికి మూడు రోజులు ఇద్దరం బస్సులో వెళ్తాం. నేను పేపరు చదివి వినిపిస్తుంటే ఆవిడకు ఎప్పుడూ అనుమానమే. "ఏమే, మధ్యలో మింగేస్తున్నావు నువ్వు!" అంటుంది. నేను మింగేవేమిటో కనిపెట్టడానికే బళ్లో చేరింది. గుణింతాలు దాటి ఒత్తుల దాకా వచ్చింది. మోకాళ్లు మాత్రం పది నిమిషాలకు మించి ఆవిడ మాట వినవు.

బెంచీ పోయాక అందరం కుర్చీ కాలి నీడలో నిలబడడం మొదలుపెట్టాం. ఆ నీడ బారెడు వెడల్పు, పొడుగు మాత్రం వీధి చివరి దాకా. కాబట్టి ఒకరి వెనక ఒకరం. పెద్దవాళ్లు మధ్యలో, తలుపులాంటి మనుషులు అటూ ఇటూ. ఎండ జరిగినప్పుడల్లా ముందున్న టైలరు "జరగండి" అంటాడు. అందరం ఒక్క అడుగు పక్కకు. పోలీసు కవాతులో కూడా అంత క్రమశిక్షణ ఉండదు! ఇంతకుముందు ఈ వీధిలో క్యూ అంటే జుట్లు పట్టుకోవడమే కదా?

చిక్కల్లా డ్రైవరుకే. పొద్దున తొమ్మిదింటికి మేం మందుల షాపు ముందు ఉంటాం, పదకొండింటికి చెప్పుల షాపు ముందు.

"మీ స్టాపు ఎక్కడో ఒకచోట ఉండి చావదా?" అని అరిచాడు ఓ రోజు.

"సూర్యుణ్ణి అడుగు నాయనా, మాదేముంది!" అంది మా వదిన.

ఇంకో మేలు. దాని కింద నిలబడితే ఎవరైనా చీమే. రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషి రోజూ టీవీలో ఎంత కనిపిస్తాడు! ఆ కాలి పక్కన నిలబడితే నా భుజానికి వచ్చాడు. అంత సమానత్వం ఏ చట్టం తెచ్చింది చెప్పండి?

అయినా నాకు కృతజ్ఞత తక్కువ. వదిన కోసం ఇంట్లోంచి మడత స్టూలు తీసుకెళ్లాను. పిల్లిని చంకనెత్తుకుని పెళ్లికి వెళ్లినట్టు దాన్ని చంకలో పెట్టుకుని నేను, చేతికర్రతో ఆవిడ. కుర్చీ కాలి పక్కన వేసి కూర్చోబెట్టాను. ఐదు నిమిషాల్లో జనం మూగారు. పెద్ద కుర్చీ కింద చిన్న స్టూలు, దాని మీద కదలకుండా ముసలావిడ! ఒకావిడ చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, "ఇది ఎప్పుడు పెట్టారు? భలే సహజంగా ఉంది!" అంది.

"డెబ్బై నాలుగేళ్ల కిందట పెట్టారమ్మా, ఇప్పుడు కీళ్లు తుప్పు పట్టాయి" అంది వదిన. ఫోటోలావిడ ఫోను కింద పడేసుకుంది.

అంతలో కాపలా అతను ఈల ఊదుతూ వచ్చాడు. "పెద్దమ్మా, లే లే! ఇక్కడ కూర్చుంటే శిల్పం అందం పోతుందట. నా ఉద్యోగం పోతుంది."

"నువ్వెక్కడ కూర్చుంటావు నాయనా?" అంది వదిన.

"ఎక్కడ కూర్చుంటాను? ఎనిమిది గంటలూ నిలబడే. నాకే కుర్చీ లేదు!"

ఇద్దరం తలెత్తి పైకి చూశాం. అతనూ చూశాడు. ఎవరికీ నవ్వాగలేదు. నవ్వాక స్టూలు అతనే మడిచి నా చేతికిచ్చాడు. ఆ రోజు వదిన నిలబడింది. బస్సు వచ్చేసరికి మెట్టెక్కడానికి కాలు లేవలేదు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, మేం ఎక్కకుండానే వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఆవిడ బడికి రావడం లేదు. మూడు వారాలు దాటింది. నెల రోజులు రాకపోతే పేరు కొట్టేసి, కాచుకుని ఉన్నవాళ్లను చేర్చుకోవడం అక్కడి పద్ధతి. ఇంకా ఎనిమిది రోజులుంది. ఇంట్లో నేను నేర్పుతానంటే ఒప్పుకోదు. "నువ్వు మింగేసినవన్నీ వదిలేసి నేర్పుతావు. నాకు పంతులమ్మే కావాలి" అంటుంది. పలక ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి ఆ కుర్చీ ఎర్ర పలకనే చూస్తూ కూర్చుంటుంది.

నేను నగరపాలక ఆఫీసుకు వెళ్లాను. ఇంజనీరుగారు మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు కూడా. "బెంచీలు మా విభాగం కావమ్మా. మాది కళ" అన్నాడు. బెంచీల విభాగం ఏదంటే ఆయనకూ తెలియదు.

కళ అయితే కళే కానివ్వండి! అందుకే ఇంజనీరుగారూ, తమరికి బహిరంగంగా మనవి చేసుకుంటున్నాను. ఇంకో శిల్పం చేయించండి. ఎత్తు మోకాలి దాకా చాలు. పొడవు ముగ్గురికి సరిపడా, వెనక ఆనుకోవడానికి ఒక చెక్క. దానికి 'నిరీక్షణ' అనో 'జీవనయాత్ర' అనో మీకు తోచిన పేరు పెట్టండి. రాతిపలక మీద ఎవరి పేరైనా చెక్కించుకోండి. రిబ్బను మేమే కొనుక్కొస్తాం, చప్పట్లకు ఒక వీధి మనుషులున్నాం.

ఎనిమిది రోజుల్లో పూర్తిచేయండి, చాలు. అందంగా కుదరలేదని మేమేమీ రాద్ధాంతం చేయం. మోకాళ్లకు కళ సంగతి తెలియదు.

ఇట్లు,
దుప్పట్ల అత్తయ్య (ఆసుపత్రి చాకిరేవులో ముప్పై ఏళ్లు దుప్పట్లు మడిచాను, అందరూ అలాగే పిలుస్తారు),
వయసు అరవై ఏడు,
ప్రస్తుతం కూడలిలో మందుల షాపు పైన, రెండో గది.