గడియారాల మేస్త్రి వేషానికి అర్హులు

రంగస్థలం మీద పుట్టి పెరిగిన పాత్ర సినిమాలోకి వెళ్లేటప్పుడు, దాన్ని పెంచి పెద్దచేసిన నటుణ్ణి గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్లాలన్నది నాగరిక ప్రపంచం ఏకగ్రీవంగా ఆమోదించిన సూత్రం. ఈ సూత్రాన్ని నేనూ మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. సమర్థించకపోతే ఏం చేస్తారంటారా (ఏమీ చెయ్యరు, ఫోన్ ఎత్తరు).

మా సంగీత నాటకంలో గడియారాలు బాగుచేసే మేస్త్రి వేషం నాది. మీసం నల్లగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టాను, ఇప్పుడు మీసానికి రంగు వేసి నెట్టుకొస్తున్నాను. చివరి అంకంలో మేస్త్రి, పోయిన భార్య చేతి గడియారానికి కీ ఇస్తూ ఒక పాట పాడి, "ఇది నడుస్తోంది, ఆగిపోయింది నేనే" అంటాడు. అక్కడ హాలంతా చప్పట్లు. ఆ హోరులో తర్వాతి మాట ఎవరికీ వినపడదు కాబట్టి, తల వంచుకుని అవి తగ్గేదాకా ఆగుతాను. ఆగీ ఆగీ నాకది ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

నాటకాన్ని సినిమాగా తీస్తున్నారని తెలిసిన రోజే వెళ్లి కొత్త చెప్పులు కొనుక్కున్నాను.

"ఇప్పుడివెందుకు?" అంది మా ఆవిడ. మా నాటకానికి దుస్తులు కుట్టేది ఆవిడే.

"సినిమాలో కాళ్లు కూడా కనిపిస్తాయి."

"ముందు ముఖం కనిపించనివ్వండి" అని సూదిలో దారం ఎక్కించుకుంది.

సినిమాకి మనుషుల్ని ఎంపిక చేసే వేషధారుల అర్హతా నిర్ధారణ సంఘం వారి వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. నా వేషం కోసం ఒక కుస్తీ వీరుడు, వంటల వీడియోలతో పేరు తెచ్చుకున్న ఒకాయన, గడ్డమింకా సరిగ్గా రాని ఒక హీరో కూర్చుని ఉన్నారు. "మీరు మేస్త్రి వాళ్ల నాన్న వేషానికా?" అని వంటలాయన మర్యాదగా అడిగాడు. కాదు, మేస్త్రికే అన్నాను. పాపం, జాలిపడి తన కుర్చీ నాకిచ్చాడు.

సంఘం నిబంధనలు గోడకు అంటించి ఉన్నాయి. ముసలి పాత్రను కుర్రవాడే వెయ్యాలి (ముసలితనం మేకప్‌తో వస్తుంది, కుర్రతనం రాదు). పాడే పాత్రకు పాట రానివారికే ప్రాధాన్యం (రానివాడు నేర్చుకుంటే వార్త, వచ్చినవాడు పాడితే అందులో వింతేముంది). చదువుతుంటే నాకే అనిపించింది, నన్ను నేనైనా తీసుకోను.

లోపల, ఎవరు ఏ వేషానికి పోలతారో తేల్చే పోలికల అధికారి అనే పెద్దమనిషి పాడమన్నారు. మా హాల్లో చిట్టచివరి వరసకు వినపడేలా పాడటం నాకు అలవాటు. ఆ గదిలో చిట్టచివరి వరస నా ముక్కుకు మూరెడు దూరంలో ఉంది. సౌండు చూసే ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాడు. పాట అయింది. "ఆగిపోయింది నేనే" అన్నాను. తల వంచుకుని ఆగాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు మొదలైతేనే కదా అవి తగ్గేది, తగ్గితేనే కదా నేను తల ఎత్తేది. అలాగే ఉండిపోయాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మాట మర్చిపోయారాండీ?" అన్నారు అధికారి.

"లేదండీ, ఆగాను."

"దేనికి?"

వంగి కొత్త చెప్పులు సర్దుకున్నాను. "మాటలు గుర్తుండవు" అని నా అర్హతను నిర్ధారించి పంపేశారు.

వేషం ఆ హీరోకి వెళ్లింది, అతనికి నేర్పే పని నాకు వచ్చింది. కుర్రాడు మంచివాడు. "అక్కడ తల వంచుకుని ఎందుకు ఆగుతారు గురువుగారూ?" అనడిగాడు. చప్పట్ల కోసం నాయనా అనడానికి నోరు రాలేదు. "దుఃఖం" అన్నాను. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఆ కుర్రాడు తల వంచుకుని ఆగిన చోట పత్రికలన్నీ పరవశించిపోయాయి. హాల్లో నా పక్కన కూర్చున్న మా ఆవిడ, "అదేమిటి, ఈ అబ్బాయి కూడా చప్పట్ల కోసం ఆగాడు?" అంది. ఊరుకోమన్నాను. గర్వంతో ఛాతీ పొంగింది. అంతకంటే ఎక్కువ కడుపు మండింది.

తర్వాత మా నాటక సంస్థ మేనేజరు కబురు పెట్టాడు. "జనం సినిమా చూసి వస్తున్నారు మాస్టారూ. వేషాలన్నీ దానికి తగ్గట్టుండాలి. మీరు కూడా ఒకసారి పరీక్షకు రండి." పరీక్షకు అరువు తెచ్చుకున్నది ఆ పోలికల అధికారినే.

ఈసారి నేను తెలివి తెచ్చుకున్నాను. ఇంట్లో సాధన చేశాను. ఆగబోయినప్పుడల్లా మా ఆవిడ కత్తెర టకటకలాడించేది. పరీక్షలో ఆ మాట అని, క్షణం కూడా ఆగకుండా తర్వాతి మాటలోకి దూసుకుపోయాను.

అధికారి బాధగా తల ఊపారు. "అంతా బాగుందండీ. కానీ ఆ పాత్ర ప్రాణమంతా అక్కడ ఆగడంలోనే ఉంది. మీరు సినిమా చూళ్లేదా?"

నాటకంలో నా చోటికి కొత్త మేస్త్రి వచ్చాడు. మొదటి ఆటలో ఆ మాట అని తల వంచుకున్నాడు. సినిమా చూసి వచ్చిన జనం కాబట్టి అది దుఃఖమని అందరికీ తెలుసు, భక్తిగా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. చప్పట్లు లేవు. సినిమాలో అక్కడితో దృశ్యం మారిపోతుంది కాబట్టి, తల ఎప్పుడెత్తాలో తెలియక అతను ఎత్తలేదు. చివరికి తెర దించేశారు.

అందుకని సంస్థవారు నాకు కొత్త వేషం ఇచ్చారు. ముందు వరసలో కూర్చుని, ఆ మాట దగ్గర చప్పట్లు మొదలుపెట్టాలి. నేను కొట్టందే అతను తల ఎత్తలేడు.

ఇంతవరకూ ప్రతి ఆటకీ కొడుతూనే ఉన్నాను.