ఏఁ అంటే ఇల్లొచ్చింది

టెలివిజన్ ద్వారా జాతికి చేసిన సేవలకుగాను నిర్మాత గోవిందరాజులుగారిని నోయిడాలోని వారి చానెల్ గత నెల ఘనంగా సన్మానించింది. ఆయన తీసిన మొదటి గేమ్ షోలో అత్తగార్లు కళ్లకు గంతలు కట్టుకుని, గాజుల చప్పుడును బట్టి కోడళ్లను గుర్తుపట్టాలి. ఆరుగురు అత్తలు పక్కింటి కోడళ్లను వెంటబెట్టుకుని సంతోషంగా వెళ్లిపోయారు. షో మూతపడింది, ఆయనకు ప్రమోషన్ వచ్చింది.

ఇప్పటి షో పేరు 'ఘర్ ఆప్‌కా', అంటే ఇల్లు మీదే. హిందీలో ప్రత్యక్ష ప్రసారం. పది ప్రశ్నలకు సరైన జవాబులు చెబితే గ్రేటర్ నోయిడాలో పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు ఇస్తారు. ఒక చిన్న సాంకేతిక ఇబ్బంది ఏమిటంటే, ఆ భవనానికి ఇంకా ఒకటో అంతస్తు లేదు. అంచేత ఎవరూ గెలవకుండా చూడటమే నిర్మాతగారి బాధ్యత. ఎవరైనా గెలిస్తే ఆయన ఉద్యోగానికి అదే ఆఖరి రోజని చానెల్ లిఖితపూర్వకంగా తెలియజేసింది.

ప్రశ్నలు తయారుచేయడానికి లక్ష్మీ నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి సాయిప్రకాష్‌ను తెచ్చుకున్నారు. సివిల్స్ ప్రిలిమ్స్ ఐదుసార్లు తప్పిన అనుభవజ్ఞుడు.

"ఏ, బీ, సీ, డీల్లో తెలియనోళ్లంతా సీ పెడతారు సార్. ఐదుసార్లూ నేనదే పెట్టా. ఏ జోలికి ఎవడూ పోడు. అందుకే అన్నిటికీ జవాబు ఏ పెట్టేశా," అన్నాడతను.

ఇంతటి పరిశోధన మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కడ జరుగుతోంది? గోవిందరాజులుగారు అక్కడికక్కడే ఆమోదముద్ర వేశారు.

ఆ వారం వైశాలి నుంచి సునందగారు వచ్చారు. భర్త కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఉత్తరాదికి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆవిడ హిందీ కూరగాయల బండి దాటి పోలేదు. యాంకర్ మొదటి ప్రశ్న, నాలుగు జవాబులు గడగడా చదివాడు. ఒక్క ముక్కా అర్థంకాక ఆవిడ ముందుకు వంగి, "ఏఁ?" అన్నారు.

"ఏ! లాక్ కర్ దూఁ?"

"ఏఁ?" ఈసారి గట్టిగా అన్నారావిడ.

"క్యా కాన్ఫిడెన్స్ హై, ఆంటీజీ!"

ప్రతి ప్రశ్నకూ ఇదే తంతు. తొమ్మిదో ప్రశ్న దగ్గర గోవిందరాజులుగారు చెమటలు కక్కుతూ కంట్రోల్ రూం మైకు లాక్కుని, ఆవిడది జవాబు కాదు, ప్రశ్నని అరిచారు. "భయ్యా, ఆంటీ నే ఏ నహీఁ బోలా, ఏఁ బోలా!"

"జీ సర్, వహీ తో లాక్ కియా," అదేగా లాక్ చేశానన్నట్టు అన్నాడు యాంకర్ వినయంగా. పదోదీ లాక్ అయిపోయింది.

ఫ్లాటు ఇస్తున్న బిల్డరుగారు వేదికెక్కి, ఇల్లు ఇటుకల్లో ఉండదని, నమ్మకంలో ఉంటుందని పావుగంట ప్రసంగించి, సునందగారి చేతిలో ఒక తాళంచెవి పెట్టారు.

"మరి తలుపేదండీ?" అన్నారావిడ. చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు.

మర్నాడు గోవిందరాజులుగారు సామాను సర్దుకుంటుంటే స్టూడియో ముందు రెండు వేలమంది పోగయ్యారు. అదే భవనంలో ఎనిమిదేళ్ల కిందట ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు. తన్నడానికే వచ్చారనుకుని ఆయన వెనక గేటు వైపు పరుగెత్తారు. వాళ్లు అక్కడా పట్టుకుని, కాళ్ల మీద పడ్డారు.

"సార్, మాకు ఇన్నేళ్లలో తాళంచెవి కూడా ఇవ్వలేదు! మమ్మల్నీ మీ షోలో కూర్చోబెట్టండి."

చానెల్ వెంటనే మరో వంద ఎపిసోడ్లకు అనుమతినిచ్చింది. దరఖాస్తు ఫారాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. శాశ్వత చిరునామా అన్న చోట వాళ్లలో ప్రతి ఒక్కరూ, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఇంకా కట్టని తమ ఫ్లాటు నంబరే రాశారు.