రెండు పిడుల యంత్రం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను అరవై ఒకటో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కింద పడతాయి. రాయడమూ నెమ్మదే. ఆ నెమ్మది వల్ల మా ఊళ్లో చాలా కలప కాలిపోయింది. ఆ సంగతే చెబుతాను.

ద్రాక్షారామం వెళ్లే యాత్రికులకి మా ఊరి సత్రంలో రోజూ మధ్యాహ్నం అన్నం పెడతారు. వంట నాది. కట్టెలు కొట్టడం అచ్చిబాబుది. గ్యాసు మీద ఉడికిన పప్పుకి పుణ్యం తక్కువని సత్రం పెద్దలు ఏనాడో తేల్చారు కనుక మాకు కట్టెల పొయ్యే. మొన్నటి గాలివానకి కాలవ గట్టు మీద పడిపోయిన చెట్లన్నీ సత్రానికి తోలించారు. మామిడి, నిద్రగన్నేరు దుంగలతో పెరడు నిండి, వంటశాల కిటికీ మూసుకుపోయింది. ఏడాది దాకా చూసుకోనక్కర్లేదని అందరం సంతోషించాం.

అదే వారం అచ్చిబాబు కుడి భుజం పట్టేసింది. మూడు నెలలు గొడ్డలి ముట్టుకోకపోతే చెయ్యి దక్కుతుందని, ముట్టుకుంటే ఇక పైకి లేవదని రాజమండ్రి డాక్టరుగారు చెప్పారు.

సత్రం పెద్దలు చలించిపోయారు. అధ్యక్షులు మాధవరాజుగారు కండువాతో కళ్లొత్తుకున్నారు.

"అచ్చిబాబూ, నీ భుజం నీది కాదురా, ఊరిది. నీకోసం కట్టెలు చీల్చే మిషను కొంటున్నాం."

"ఆయ్, మీ దయండి."

"అది వచ్చేదాకా మాత్రం కాస్త మెల్లగా కొడుతూ ఉండు."

"ఆయ్."

వెంటనే పదకొండు మందితో యంత్ర ఎంపిక సంఘం ఏర్పడింది. తీర్మానాలు రాసే పని ఎవరికీ తీరిక లేక నాకు అప్పగించారు. వయోజన విద్యకి ఊరు ఇచ్చిన గౌరవమది.

మొదటి సమావేశం ఎనిమిదింటికి. ముందు ఎవరు కూర్చోవాలన్నది తేలేసరికి పదయింది. "మీరు కూర్చోండి", "అబ్బే, పెద్దలు, ముందు మీరు కానివ్వండి" అని పదకొండు మందీ నిలబడే ఉన్నారు. మా వైపు మర్యాద అలాంటిది. నిలబడి అలిసిపోయారు కనుక పెసరట్లు వేశాను. మొదటి అట్టు కూడా "మీరు కానివ్వండి" అంటూ చేతులు మారి చల్లారింది. మళ్లీ వేశాను.

మాధవరాజుగారికి రొయ్యల చెరువులున్నాయి. చెరువుల్లో గాలి ఆడించే ఏరియేటర్లు స్వయంగా ఎంచిన అనుభవంతో, నీళ్లు చిమ్మని మిషను ఏదైనా పని చేస్తోందని నమ్మడం కష్టమని సెలవిచ్చారు. రిటైరైన ఉదయభాస్కర్ మాస్టారు ప్రతి మిషనుకీ నూటికి మార్కులు వేశారు. ట్రాక్టరుకి తగిలించేది క్రమశిక్షణలో తప్పింది. పెట్రోలుది పాసయింది గానీ, దాని చప్పుడికి దేవుడు ఉలిక్కిపడతాడని ఒకరు అభ్యంతరం చెప్పారు. చీల్చే కత్తి తూర్పు ముఖంగా ఉండాలని ఇంకొకరు పట్టుబట్టారు. మిషనుని అటు తిప్పి పెట్టుకోవచ్చు కదా అని ఎవరూ అనలేదు. నేను రాసుకుంటున్నాను కనుక నేనూ అనలేదు.

నేను రాయడం పూర్తయితే గానీ సంతకాలు కుదరవు. అప్పటికి భోజనాల వేళ. పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు. మిగిలిన సగం రాసేసరికి బజ్జీల వేళ. యాత్రికులకి రోజుకి ఒక పొయ్యి. సంఘానికి మూడు. అచ్చిబాబు ఇంతకుముందు ఎన్నడూ లేనంతగా కొట్టాడు.

ఒకరోజు పెరట్లో అడిగాను. "చెయ్యి ఎలా ఉందిరా?"

"అన్నం ఎడం చేత్తో తింటన్నా పిన్నీ. ఈళ్లకి మిషను దొరికేలోగా నాకు కొత్త చెయ్యి మొలుస్తాదేమో."

"సంఘానికి చెప్పనా?"

"నువ్వు చెప్తే దాని మీద తీర్మానం చేస్తారు. మళ్లీ బూరెలొండాలి. ఒద్దు తల్లీ."

రోజూ కూర్చోగా కూర్చోగా మూడు నెలలకి, తొంభయ్యో సమావేశంలో ఎంపిక ముగిసింది. కరెంటు మిషను. దానికి రెండు పిడులు. రెండు చేతులూ రెండు పిడుల మీద పెట్టి ఒకేసారి నొక్కితేనే కత్తి కదులుతుంది. వేళ్లు తెగకుండా ఆ ఏర్పాటట. సంఘానికి వేరేగా తోచింది. రెండు చేతులూ కలిపి చేసే పని నమస్కారంతో సమానమని, ఇంత మర్యాద తెలిసిన యంత్రం వేరే లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. నేను రాశాను.

ప్రారంభోత్సవం నాడు పెరడు ఖాళీ. వంటశాల కిటికీలోంచి కాలవ చక్కగా కనబడుతోంది. ఏడాది కలప ఎంపికలోనే అయిపోయింది. మిగిలిందల్లా అచ్చిబాబు కట్టెలు పెట్టి కొట్టే మొద్దు. దానికే బొట్టుపెట్టి, పువ్వులు చల్లి మిషనులో పెట్టారు.

"అచ్చిబాబూ, ఇది నీ రోజు. కానియ్యి," అన్నారు మాధవరాజుగారు.

అచ్చిబాబు ఎడం చెయ్యి ఒక పిడి మీద పెట్టాడు. కుడి చెయ్యి లేపబోయాడు. అది నడుం దాటలేదు. మళ్లీ ప్రయత్నించాడు. కింద పడ్డ పువ్వులు చూస్తూ నవ్వాడు.

ఎవరైనా పక్కన నిలబడి రెండో పిడి నొక్కితే చాలు. మాధవరాజుగారు మాస్టారి వైపు చూశారు. "మీరు కానివ్వండి." "అయ్యో, అధ్యక్షులుండగానా! మీరు కానివ్వండి." అది పదకొండు మందినీ చుట్టి మొదటికి వచ్చింది. అచ్చిబాబు భుజం పక్కన భుజం పెట్టి నిలబడే గౌరవాన్ని ప్రతి ఒక్కరూ పక్కవారికే వదిలేశారు.

నేను కలం కింద పెట్టి వెళ్లి నొక్కాను. మొద్దు రెండయింది. చప్పట్లు కొట్టారు. యంత్రం విజయవంతమైందనీ, అచ్చిబాబు భుజానికి సంపూర్ణ విశ్రాంతి లభించిందనీ రాయమన్నారు. రాశాను.

ఇప్పుడు కలప ఏ రోజుకారోజు కొంటున్నారు. రోజూ పొద్దున్నే ఒక పిడి అతనిది, ఒకటి నాది. అందుకే నా చేతి రాత ఇంకా వణుకుతోంది. మీరు ద్రాక్షారామం వెళ్తూ మా సత్రానికి రండి. తృప్తిగా తినండి. చెయ్యి కడుక్కున్నాక ఆ చెయ్యే ఒక్క నిమిషం ఆ పిడి మీద పెట్టండి చాలు. వచ్చినవారందరినీ అడుగుతూనే ఉన్నాను. ఎంతో మర్యాదస్తులు. "మీరు కానివ్వండమ్మా" అంటున్నారు.

ఇట్లు,
గంటి పల్లాలమ్మ, 67 ఏళ్లు.
ప్రస్తుతం ఉంటున్నది: సత్రం కట్టెల కొట్టంలో. అది ఖాళీగానే ఉంది. నా గదికి తాళం ఉంది కనుక అందులో యంత్రాన్ని పెట్టారు.