రివర్సులో ఊరేగింపు

ఆ ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి మామగారి కారుకి గేరు కేబులు మార్చాలి. స్నానం చేసి, భార్యను ఎక్కించుకుని కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడినుంచి మామగారిని, ఆయనతోబాటు ఆయన బండినీ ఆయన ఇంటికి చేర్చేయాలి.

మామగారు రిటైరైన జడ్జి. కన్న కూతురు తప్ప ఇంటిల్లిపాదీ ఆయన్ని జడ్జిగారనే అంటారు. ఆయన తన పాత బండిని జీవితంలో ఎవరి చేతికీ ఇచ్చి ఎరగరు. కళ్ళలో పొరలు ముదిరి, ఒక కంటికి, ఆ తర్వాత రెండో కంటికి ఆపరేషను పడటంతో, కదలకుండా ఉంటే బండి పాడవుతుందన్న ఒకే ఒక్క కారణంగా తాళాలు అల్లుడి చేతిలో పెట్టారు. "ఎలా ఇస్తున్నానో అలాగే తెచ్చివ్వాలి, అల్లుడుగారూ" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అయినా పళ్ళ డాక్టరుకి ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎంత జాగ్రత్తగా చూసుకున్నా గేరు రాడ్డు రోజురోజుకీ వదులైపోయింది. గిన్నెలో గరిటె తిప్పినట్టు ఎటు తిప్పితే అటు తిరగసాగింది. రెండో గేరు వేస్తే నాలుగోది పడేది, ఒక్కోసారి అసలేమీ పడేది కాదు. మెకానిక్ చూసి, "కేబులు అరిగిపోయింది డాక్టరుగారూ. సోమవారం తీసుకురండి, మార్చేస్తా" అన్నాడు. జడ్జిగారి కట్టు విప్పేది ఆదివారం. వదులు రాడ్డుతో బండి అప్పగించి ఆ ముఖంలోకి చూసే ధైర్యం పళ్ళ డాక్టరుకి లేదు. కొత్త కేబులు తనే కొని తెచ్చుకున్నాడు. మొండి దంతాల్ని వేళ్ళతో సహా పెకలించే చేతులకి ఒక కేబులు ఏపాటి అనుకున్నాడు.

వాకిట్లో గోడవైపు మూతి పెట్టి నిలబెట్టిన బండిలో దూరి, రాడ్డు చుట్టూ ఉన్న తోలు తొడుగు, కింద ప్లాస్టిక్ మూత విప్పి లోపలికి తొంగి చూశాడు. ఇంతకాలం ఆ రాడ్డే గేరు అనుకున్నాడు. తీరా చూస్తే అది ఉత్త పిడి. దాని అడుగునుంచి వేలెడు లావు కూడా లేని రెండు కేబుళ్ళు బయల్దేరి, తివాచీ కిందుగా పాకి, ఇనప గోడలో కన్నంగుండా ఇంజను పక్కన ఉన్న గేరుపెట్టె దాకా వెళ్తున్నాయి. ఇక్కడ మణికట్టు తిప్పిన తిప్పు అంత దూరం పోయి ఇంత బరువైన బండిని కదిలిస్తోంది. దవడలో నరాన్ని మొదటిసారి చూసిన రోజు ఇలాగే నిలబడిపోయాడు. ఉండబట్టలేక భార్యను పిలిచి చూపించాడు.

ఆమె వంగి చూసింది. "బాగుందండీ. మళ్ళీ మూయడం వచ్చా?"

అరిగిన కేబులుకి రాడ్డు వైపు కొస తేలిగ్గానే ఊడింది. గేరుపెట్టె వైపు కొస అక్కడున్న చిన్న ఇనప గుండీకి కరుచుకుని ఉంది, రాలేదు. పళ్ళ డాక్టరు లోపలికి వెళ్ళి జ్ఞానదంతాలు తీసే పటకారు తెచ్చాడు. పట్టుకుని, అలవాటు కొద్దీ "ఏమీ కాదు, ఒక్క క్షణం" అని బండికి ధైర్యం చెప్పి, మెలితిప్పి లాగాడు. కేబులుతోబాటు గుండీ కూడా విరిగి, ఇంజను సందుల్లో టింగుమని ఎక్కడో పడింది. ఎంత వెతికినా కనిపించలేదు. ఇక కొత్త కేబులు తగిలించడానికి అక్కడ ఏమీ లేదు. రాత్రి బండి నిలిపేటప్పుడు రివర్సు గేరులో పెట్టడం ఆయన అలవాటు. ఆ గేరు అలాగే బిగుసుకుపోయింది.

"ఆటోలో వెళదాం పదండి. నాన్నకి నేను చెప్తాను" అంది భార్య.

"ఏమని చెప్తావు?"

ఆమె కొత్త కేబులు తీసి చేతిసంచిలో వేసుకుంది.

మెకానిక్ ఇల్లు మూడు వీధుల అవతల, షెడ్డు పైనే. అక్కడిదాకా రివర్సులో పోతే సరిపోతుందని పళ్ళ డాక్టరు తేల్చాడు. వాకిట్లోంచి వీధిలోకి వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఏ బండైనా అలాగే వస్తుంది. వచ్చాక ముందుకు తిరగకుండా అలాగే సాగిపోవడం చూసి, పక్కింటాయన పళ్ళు తోముకుంటున్న బ్రష్షును నోట్లోనే మరిచిపోయాడు.

పళ్ళ డాక్టరు మెడ వెనక్కి తిప్పి, ఒక చెయ్యి సీటుమీద వేసి, నత్తలా నడుపుతున్నాడు. భార్య మాత్రం ముందుకే చూస్తూ కూర్చుంది. వెనకాల వచ్చే స్కూటరు ఆయన ఆమెకి సరిగ్గా ఎదురుగా వస్తున్నాడు. ఇద్దరూ ముఖాముఖి. ఎంతసేపని తల తిప్పుకుంటుంది? చివరికి నవ్వింది. ఆయన కూడా మర్యాదగా నవ్వి, సంగతేమిటని చేత్తో అడిగాడు. ఆమె గేరు రాడ్డు విరిగినట్టు అభినయించి చూపింది. ఆయనకి అర్థం కాలేదు కానీ, ఏదో పెద్ద విషయమే అనుకుని వెంట రాసాగాడు.

పెద్ద బజారు మొదట్లో ట్రాఫిక్ కానిస్టేబులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"సార్, ఇది వన్‌వే."

"తెలుసమ్మా. నేను వెళ్తున్నది సరైన వైపే."

"బండి ముఖం ఇటుంది కదండీ."

"ముఖం ఇటున్నా ప్రయాణం అటే."

ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. బాణం గుర్తు చూసింది, చక్రాలు చూసింది. ఫోను తీసి పై అధికారికి చెప్పింది. "సార్, ఒక బండి సార్... లేదు సార్, ఎదురు రావట్లేదు. సరైన వైపే పోతోంది, కానీ ఎదురొస్తున్నట్టు ఉంది... నేను బాగానే ఉన్నాను సార్." అవతల ఆయనకి కూడా ఏ సెక్షను కిందికి వస్తుందో తేలినట్టు లేదు.

సరిగ్గా అప్పుడే భార్య ఫోను మోగింది. కంగారులో స్పీకరు నొక్కింది. జడ్జిగారి గొంతు బజారంతా వినిపించింది. "అమ్మాయ్, కట్టు విప్పారు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడతాను. అసలే కళ్ళు, ఎండలో ఎక్కువసేపు ఉంచకండి."

కానిస్టేబులమ్మ ముఖం మారిపోయింది. "కళ్ళ ఆపదా సార్? ఆ మాట ముందు చెప్పొద్దా?"

"అది కాదమ్మా..."

ఆమె వినలేదు. మోటారు సైకిలెక్కి సైరను వేసి, తన వెంట కంటి ఆసుపత్రికి రమ్మని చెయ్యి ఊపింది. కాదనడానికి బండి దిగాలి. దిగుదామంటే వెనకాల చేరిన వాహనాలన్నీ హారన్లు కొడుతున్నాయి. భార్య మాత్రం తెలివిగా మెకానిక్‌కి ఫోను చేసింది. "కంటి ఆసుపత్రి దగ్గరికి వచ్చేయండి. కొత్త కేబులు మా దగ్గరుంది. అది తగిలించే గుండీ లేదు. ఇప్పుడు వివరంగా చెప్పలేను, సైరను మోగుతోంది."

పోలీసు ముందు, రివర్సులో ఒక బండి వెనక. దుకాణాల వాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. వేళాకోళం చేద్దామని నోరు తెరిచినవాళ్ళు కూడా, గీత గీసినట్టు తిన్నగా వెనక్కి సాగిపోతున్న ఆ బండిని చూసి నోరు మూసుకున్నారు. సైరను ఉంది కాబట్టి ఇదేదో సర్కారు వ్యవహారమే అయి ఉండాలి. "రేపట్నుంచి ఈ బజార్లో అందరూ ఇలాగే నడపాలట" అని ఎవరో ఎవరితోనో అన్నారు. ఇంకెవరో "రేపు కాదు, ఇవాళ్టినుంచే" అని సవరించారు. ఒక కూరగాయల వ్యానువాడు ఎందుకైనా మంచిదని బండి తిప్పి రివర్సు వేశాడు. వాణ్ణి చూసి రెండు ఆటోలు తిప్పుకున్నాయి. డ్రైవింగు స్కూలు మాస్టారొకాయన తన శిష్యురాలితో, "ఆ స్టీరింగు మీద చెయ్యి చూడమ్మా. అలాంటి చెయ్యి కోటికొకటి" అన్నాడు.

పళ్ళ డాక్టరుకి ఆ మాట వినపడింది. భయం ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియలేదు. బండి తన వీపుకి కళ్ళొచ్చినట్టు సాగుతోంది. భార్య ఆయన వైపు చూసిన చూపులో పెళ్ళయిన కొత్తలో కూడా లేని ఆశ్చర్యం ఉంది.

కంటి ఆసుపత్రి గేటు దగ్గర జడ్జిగారు కొత్త చూపుతో నిలబడి ఉన్నారు. ప్రతి ఆకూ విడివిడిగా కనిపిస్తున్న ఆనందంలో ఉండగా, వీధి చివర తన బండి కనిపించింది. వెనక్కి వస్తోంది. దాని వెనక వ్యాను, అదీ వెనక్కే. ఆపైన రెండు ఆటోలు. జడ్జిగారు కళ్ళు మూసి తెరిచారు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోయారు.

"డాక్టర్, చూపు బాగానే వచ్చింది. కానీ తిరగబడింది" అన్నారు కంటి డాక్టరుతో.

"తిరగబడటం ఏమిటండీ?"

"రోడ్డు మొత్తం వెనక్కి నడుస్తోంది."

అలాంటి కేసు తన అనుభవంలో లేదని కంటి డాక్టరు ఆయన్ని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాడు. అక్షరాల బోర్డు మీద అట్టడుగు వరుస దాకా జడ్జిగారు తప్పు లేకుండా చదివేశారు. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు కంటి డాక్టరు కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూశాడు. తన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

ఈలోగా మెకానిక్ షెడ్డులోని మరో పాత బండిలోంచి ఊడదీసిన గుండీతో వచ్చి, కేబులు తగిలించే పనిలో పడ్డాడు. కానిస్టేబులమ్మ కూరగాయల వ్యానువాణ్ణి, ఆటోవాళ్ళనీ పంపించే పనిలో పడింది. పళ్ళ డాక్టరు తడబడుతూ పరీక్ష గదిలోకి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి, పటకారుతో సహా అన్నీ చెప్పేశాడు. జడ్జిగారు అంతా విని లేచి, నేరుగా బండి దగ్గరికి నడిచారు. చుట్టూ తిరిగారు. బంపరు మీద, తలుపుల మీద వేలు రాసి చూశారు.

"పెద్ద బజారు గుండానే వచ్చారా?"

"అవునండీ జడ్జిగారూ."

"మొత్తం రివర్సులో?"

"మొత్తం."

"ఒక్క గీత లేదు" అన్నారు జడ్జిగారు. చాలాసేపు అల్లుణ్ణి చూశారు. అంత స్పష్టంగా చూడటం అదే మొదటిసారి కావచ్చు. "మీ జుట్టు ఇంత నెరిసిందని నాకు తెలియదు" అన్నారు మెల్లగా. పళ్ళ డాక్టరు చెయ్యి జుట్టు మీదికి వెళ్ళింది. భార్య అటు తిరిగి చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

మెకానిక్ బానెట్ మూసి చేతులు దులుపుకున్నాడు. "అయిపోయిందండీ. రాడ్డు వేసి చూడండి, వెన్నలా దిగుతుంది. ఇక ఎంచక్కా ముందుకే వెళ్ళొచ్చు."

కూతురు నోరు తెరిచేలోపే జడ్జిగారు ముందు సీట్లో కూర్చున్నారు. ఒడిలో చేతులు పెట్టుకుని ముందద్దంలోంచి వీధిని చూశారు.

"ఇన్నేళ్ళూ అంతా పొగమంచులో చూశాను, అల్లుడుగారూ. ముందుకు వెళ్తే ప్రతిదీ మీదికొచ్చి, చూసేలోపే పక్కనుంచి జారిపోతుంది. వెనక్కి వెళ్తుంటే అలా కాదు. ప్రతిదీ ఎదురుగా నిలబడి, చిన్నదై కనుమరుగయ్యేదాకా చూడనిస్తుంది. ఎంత దూరందాకా కనిపిస్తుందో నాకు చూడాలని ఉంది." ఒక్క క్షణం ఆగి, తీర్పు చదివిన గొంతుతో అన్నారు, "వచ్చినట్టే పోనివ్వండి."

పళ్ళ డాక్టరు మెడ ఒకసారి రుద్దుకుని, వెనక్కి తిప్పాడు. కానిస్టేబులమ్మ వెళ్ళి మళ్ళీ సైరను వేసింది.

తాను వేసిన కేబులు పనిచేస్తుందో లేదో తెలియక మెకానిక్ ఆ గేటు దగ్గరే నిలబడిపోయాడు.