సీదా అయిన వెన్ను

ఆ ఉదయం సుబ్రహ్మణ్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. దబీర్‌పురా వెళ్లి వెన్నుకు స్కాన్ తీయించుకోవడం, ఆ ఫిల్మును శాలిబండ గుడి కమిటీ పెద్ద వెంకటనారాయణకు చూపించడం, సాయంత్రం పల్లకి మోయకుండా తప్పించుకోవడం. తాతల నాటి నుంచి స్వామి పల్లకి వాళ్ల ఇంటివాళ్లే మోస్తున్నారు. ఆయన వెన్ను మాత్రం రెండేళ్లుగా కుడివైపుకు ఒరిగిపోయింది. స్వామిని నడివీధిలో పడేస్తానేమోనని భయం. భయమని చెప్పుకోవడానికి నామోషీ. అందుకని ఎముకల చేతే చెప్పిద్దామనుకున్నాడు.

స్కాన్ సెంటర్లో ప్రేమ్‌రాజ్ మంచి పనిమంతుడు. వంకర తిరిగిన వెన్నులో పూసలన్నీ ఒక్క బొమ్మలో కనిపించవు గనుక, డాక్టర్ల సౌకర్యం కోసం దాన్ని కంప్యూటర్లో తిన్నగా సాగదీసి ప్రింటు తీస్తాడు. సుబ్రహ్మణ్యానికీ అదే మర్యాద చేశాడు. చేసిన సంగతి చెప్పడమే మరిచిపోయాడు.

ఇంట్లో భార్య అలివేలు ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అందులో వెన్ను ధ్వజస్తంభంలా నిలబడి ఉంది.

"ఏమండీ, రెండేండ్ల సంది గ్యాస్ బండ నేనెందుకు మోస్తున్న?" అంది చాలా శాంతంగా.

మధ్యాహ్నానికి ఆయన గ్యాస్ బండ మోశాడు, బియ్యం బస్తా మోశాడు, బీరువా కూడా జరిపాడు. ఒరిగిన నడక చూసైనా వదిలేస్తారని ఆ నొప్పితోనే గుడికి వెళితే వెంకటనారాయణ ఫిల్ము చూసి మురిసిపోయాడు.

"గింత సీదా వెన్ను కమిటీల ఎవ్వరికి లేదు సుబ్రహ్మణ్యం. ఇన్నేండ్లు నిన్ను ఎనక నిలబెట్టుడు మాదే తప్పు. ఇయ్యాల ముందల నిలబడు."

"నేను ఒరిగి నడుస్తున్న గదా, కనిపిస్తలేదా?"

"అది అలవాటు. మిషన్ అబద్ధం చెప్తదా?"

సుబ్రహ్మణ్యం ఆటో ఎక్కి మళ్లీ దబీర్‌పురా పరిగెత్తాడు. ప్రేమ్‌రాజ్ నొచ్చుకున్నాడు. "పూసలన్ని కనపడాలని సీదా చేసిన సార్. ఫికర్ చెయ్యకండ్రి, అసలుది ఇస్త."

అసలు ఫిల్ములో వెన్ను కొడవలిలా వంగి ఉంది. చూడగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. తన వంకరను చూసుకుని అంత సంతోషించిన మనిషి పాతబస్తీలో మరొకడు ఉండడు.

వెంకటనారాయణ ఆ రెండు ఫిల్ములనూ కమిటీ ముందు పక్కపక్కన పెట్టాడు. "గీ వంకరది మునుపటిది. గీ సీదాది ఇప్పటిది," అని తనే తేల్చేశాడు. "స్వామిని మోసిన వెన్ను ఊకె పోతదా?"

"రెండూ పొద్దుటివే అన్నా. కంప్యూటర్ సీదా చేసింది."

"కంప్యూటర్ సీదా చేసేదుంటే ఇన్ని దవాఖానలు ఎందుకు?"

సాయంత్రానికి శాలిబండలో నడుము నొప్పి ఉన్నవాళ్లంతా గుడి ముందు చేరారు. పల్లకి పట్టడానికి ఒకటే తోపులాట. నడుముకు బెల్టు కట్టుకొచ్చిన బాలనర్సింహ సుబ్రహ్మణ్యాన్ని మోచేత్తో పక్కకు నెట్టాడు.

"నీకు నయమైంది గదా భాయ్. జరుగు, మమ్మల్ని మొయ్యనియ్యి."

కోరుకున్నదే జరిగింది. అయినా తాతలు నిలబడిన చోట ఇంకొకరు నిలబడేసరికి సుబ్రహ్మణ్యానికి కళ్లు చెమర్చాయి. ఎవరో జాలిపడి చేతికి స్వామి గొడుగు ఇచ్చారు.

ఆ సాయంత్రం స్వామి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఒరుగుతూ శాలిబండ వీధులన్నీ తిరిగాడు. ఊరేగింపు మొత్తం మీద కాస్త నిటారుగా కనిపించింది వెనకాల గొడుగు పట్టిన సుబ్రహ్మణ్యం ఒక్కడే.