ముహూర్తం చూసి ఎక్కించిన ప్రోగ్రాం

యంత్రం ఏదైనా సరే, నా చెయ్యి తగిలితే మాట వినాల్సిందే. మా ఊరి బడిలో ఏడో తరగతి చదివేటప్పుడే హెడ్మాస్టరుగారి గోడగడియారం విప్పి మళ్ళీ బిగించాను. రెండు చక్రాలు మిగిలిపోయినా అది ముందుకన్నా చురుగ్గా నడిచింది. ఆ ఏడాదంతా మాకు బడి మధ్యాహ్నమే వదిలారు.

అంతటి అనుభవం ఉండబట్టే, 2013లో ఒక శనివారం పొద్దున దేశం దాటి వచ్చి స్థిరపడ్డ హెండర్సన్‌లోని మా ఇంట్లో రాజారావు పని నెత్తికెత్తుకున్నాను. న్యూ లిన్‌లో పాలూ పేపర్లూ అమ్మే డెయిరీ ఆయనది. కూతురు స్పందన తనతో పనిచేసే శ్రవణ్‌ని ఇష్టపడింది. ముప్ఫై ఆరు గుణాల్లో పద్దెనిమిదైనా కలిస్తేనే సరేనంటానని తండ్రి పట్టు. మధ్యాహ్నం భోజనానికి వచ్చే శ్రవణ్ మేనమామకు ఏదో ఒక మాట చెప్పేయాలి. జాతకాలు కలిపే ప్రోగ్రాం సీడీ నా దగ్గరుందని, పదకొండుకల్లా లెక్క తేలుస్తానని చెప్పాను. పాపం, ఆ పిల్ల ఇద్దరి జన్మ వివరాలు పట్టుకుని తొమ్మిదింటికే వచ్చి కూర్చుంది.

మా పాత కంప్యూటర్‌లో సీడీ పెట్టబోతుంటే నా భార్య తారాబాయి వంటింటి క్యాలెండర్ చూసి అడ్డుపడింది.

"పదిన్నర దాకా రాహుకాలం. పెండ్లి పని ఇప్పుడు మొదలువెడ్తరా?"

"అది హైదరాబాద్ రాహుకాలమే."

"రాహువు ఈడికి రాడా? ఆయనకేమన్న వీసా గావాల్నా?"

వాదించి గెలిచిన చరిత్ర నాకు లేదు. అందుకని కంప్యూటర్‌కే మంచిరోజు చూపించాను. దాని తేదీని నెల వెనక్కి, ఒక దశమి గురువారానికి తిప్పాను. శుభముహూర్తంలో ప్రోగ్రాం ఎక్కింది, తెర మీద షార్ట్‌కట్ వెలిసింది. తప్పుడు తేదీన జాతకాలు చూడకూడదు కదా, తెరిచేముందు తేదీ మళ్ళీ సరిచేశాను.

షార్ట్‌కట్ నొక్కితే చిన్న పెట్టెలో ఏదో ఇంగ్లీషు ముక్క వచ్చింది. చదవకుండా మూసేశాను. నాలాంటి పనివాడు యంత్రం రాసే ఉత్తరాలు చదువుతూ కూర్చోడు. షార్ట్‌కట్టే చెడిందని ఇంకోటి చేశాను. అదీ అంతే. ప్రోగ్రాం ఫోల్డరులో కనిపించిన ప్రతి ఫైలుకూ ఒకటి చేసి, ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. తెర మీది మనవరాలి ఫోటో ముక్కు దాకా షార్ట్‌కట్లలో మునిగిపోయింది. స్పందన గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

పదకొండు కావస్తుండగా ఆ పిల్ల లేచి వచ్చి, నేను మూయబోతున్న పెట్టె చదివింది.

"అంకుల్, ట్రయల్ పదిహేను రోజులేనట. ఇన్‌స్టాల్ చేసి నెలయిందంటుంది. మీరు డేట్ ఏమన్న మార్చిండ్రా?"

తారాబాయి నా వైపు చూసింది. నేను క్యాలెండర్ వైపు చూశాను. హెడ్మాస్టరుగారి గడియారం నిజానికి ఆ రోజే ఆగిపోయిందని, నా వీపు మాత్రమే మోగిందని అప్పుడు గుర్తొచ్చింది.

అంతలో రాజారావు ఫోను.

"వీరేశమన్నా, మేనమామ వచ్చి కూసున్నడు. నీ సొంత మాట వద్దు. కంప్యూటర్ల ఎన్ని కనవడుతున్నయో అంతే చెప్పు."

స్పందన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను తెర వైపు తిరిగి, షార్ట్‌కట్లు నిదానంగా లెక్కపెట్టాను.

"తమ్మీ, కంప్యూటర్ల ఇరవై ఎనిమిది కనవడుతున్నయ్."

పెళ్ళి జరిగింది. ఇద్దరూ ఫ్లాట్ బుష్‌లో చక్కగా కాపురం చేసుకుంటున్నారు. రాజారావు ఇప్పటికీ నలుగురిలో నా లెక్కను పొగుడుతాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. తెర మీద షార్ట్‌కట్లు నలభై మూడున్నాయి. గుణాలు ముప్ఫై ఆరు దాటవని కాస్త తగ్గించాను.