దొంగగారు వేసిన గడియ

ఆఫీసు నెట్‌వర్కుకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో కన్నం ఉందని, దాన్ని తయారుచేసిన కంపెనీయే చాటింపు వేసి మరీ చెప్పింది. ఇంటినుంచి పనిచేసేవాళ్లు లోపలికొచ్చే వీపీఎన్ దారిలో పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా దూరిపోవచ్చట. కన్నం పూడ్చే అప్‌డేట్ కూడా ఉచితంగా పంపింది. ఈ సంగతి నెట్‌వర్క్ ఇంజనీరు నెలల తరబడి పైవాళ్ల చెవిన వేసి కొరివితో తల గోక్కున్నాడు.

అప్‌డేట్ వేయాలంటే నెట్‌వర్కును పది నిమిషాలు ఆపాలి. ఆపినంతసేపూ భద్రతా సంఘం సభ్యులు వీపీఎన్ ద్వారా హాజరై పర్యవేక్షించాలని నిబంధన. నెట్‌వర్క్ ఆపితే సభ్యులు హాజరు కాలేరు. సభ్యులు హాజరు కానిదే నెట్‌వర్క్ ఆపకూడదు. నిబంధన రాసింది స్వయానా మేనేజరుగారు కనుక అందులో లోపం ఉండే ప్రసక్తే లేదు.

"ఇన్నాళ్లలో ఎవడైనా దూరాడా?" అన్నారు మేనేజరుగారు.

"దూరినా మనకి తెలీదు సార్."

"తెలీనిదాని గురించి నాకెందుకు చెప్తావయ్యా? ఏదైనా జరిగిందో, నీ ఉద్యోగం ఉండదు."

ఆ రాత్రి ఇంజనీరు ఇంట్లో కంచం ముందు దిగాలుగా కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది భార్య.

"ఆఫీసుకి తలుపు లేదే."

"ఉంటే మాత్రం మిమ్మల్ని వేయనిస్తారా?"

మర్నాడు ఆఫీసులో టీ తాగొచ్చి చూస్తే అప్‌డేట్ వేసి ఉంది. వేసింది దొంగ. కన్నంలోంచి వచ్చి, తన వెనక ఇంకో దొంగ రాకుండా కన్నం పూడ్చేశాడు. ఎప్పుడో మానేసిన ఉద్యోగుల ఖాతాలు తీసేశాడు. మీటింగు గది గోడమీద అందరికీ కనబడేలా రాసి ఉన్న పాస్‌వర్డ్ మార్చేశాడు. నెట్‌వర్క్ పది నిమిషాలు ఆగినట్టు ఎవరికీ తెలియలేదు, అప్పుడు అందరూ టీకి వెళ్లి ఉన్నారు. చివర్లో, మీ ఫైళ్లన్నీ నా గుప్పిట్లో ఉన్నాయి, ఈ చిరునామాకు రాయండి అని బెదిరింపు పెట్టాడు. మేనేజరుగారు దాన్ని ఉద్యోగ దరఖాస్తుగా స్వీకరించారు.

"చొరవ అంటే ఇది," అని సభలో ఉపన్యసించారు. "మనలో ఒకరు నెలల తరబడి గొణుగుతూ కూర్చున్న పనిని, జీతం లేని ఒక మహానుభావుడు ఒక్క పూటలో చేసి చూపించారు."

ఇంజనీరును ఇంటికి పంపి, ఆ కుర్చీలో దొంగగారిని కూర్చోబెట్టారు.

కొన్నాళ్లకు ఫైర్‌వాల్‌లో మరో కన్నం బయటపడింది. దొంగగారు ఇప్పుడు అధికారి. అనుమతికి అర్జీ పెట్టుకుని, సంఘం ఎప్పుడు కూర్చుంటుందా అని ఎదురుచూస్తున్నారు. ఇంట్లో ఉన్న ఇంజనీరుకు ప్రాణం ఉసూరుమంది. పాత అలవాటు చావక ఆ కన్నంలోంచే దూరి, టీ వేళ చూసి అప్‌డేట్ వేసి, చప్పుడు చేయకుండా వచ్చేశాడు. వచ్చేముందు, దొంగల మర్యాద తప్పకుండా పేరు లేని ఈమెయిల్ చిరునామా ఒకటి వదిలాడు.

సాయంత్రానికల్లా ఆ చిరునామాకు మేనేజరుగారి ఉత్తరం వచ్చింది. అజ్ఞాత నిపుణులవారు రెట్టింపు జీతంతో చేరి సంస్థను ఉద్ధరించాలని ప్రార్థన.

"చేరనా?" అని అడిగాడు భార్యను.

"చేరండి. కాకపోతే పని మాత్రం ఇంట్లోంచే దొంగతనంగా చేసుకోండి."

చేరాడు. ఇప్పుడక్కడ అన్ని పనులూ చకచకా సాగిపోతున్నాయి. మీ ఆఫీసులో కూడా ఏ పనైనా అనుకున్న వేళకు అయిపోయిందంటే, ముందు ఎవరు దూరారో చూసుకోండి.